రంగు వెయ్యని ఒర

అడిగింది మూడే మాటలు. "మిన్ సవ్వా హాదా?" ఇది చేసిందెవరు అని. అబూ ముసాయిద్ గొంతు పెంచలేదు, కళ్ళెర్ర చేయలేదు, దారిన పోయేవాణ్ణి టైమెంతయిందని అడిగినట్టు అడిగాడు. యజమాని అంత మెత్తగా అడిగినప్పుడు జవాబూ మెత్తగానే రావాలి కదా, నేనే బాబా అని. ఏళ్ళ తరబడి సౌదీలో ఉన్నవాడికి ఆ మాత్రం అరబ్బీ రాక కాదు. కానీ బాలన్న నోరు బాలన్నను అడక్కుండానే "మస్తాన్" అనేసింది. అనేసి ఏమీ ఎరగనట్టు మూసుకుంది. ఎడమచేతిలో గహ్వా కాఫీ కూజా అలాగే ఉంది, కుడిచేతిలో ఒకదానిలో ఒకటి దూర్చిన చిన్న కప్పులు అలాగే ఉన్నాయి, ఏసీ చల్లగా కొడుతూనే ఉంది, కిటికీ అవతల ఖఫ్జీ సముద్రం అసర్ నమాజు తర్వాతి ఎండలో ఎప్పటిలాగే తళతళలాడుతోంది. పేరు ఒక్కటే మారిపోయింది. ఒకడు చేసిన పని ఇంకొకడిదైపోయింది. ఆ ఇంకొకడు, ఈ ఇంటి డ్రైవరు, ఇక్కడ లేడు. సముద్రం దాటి రాయచోటిలో, తుంటి విరిగిన తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. తన పేరు ఇక్కడ ఇలా వాడుకున్నారని వాడికింకా తెలియదు.

యజమానీ ఆయన జపాను అతిథీ, ముసలివాళ్ళిద్దరూ నేలమీది పరుపుల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో తెల్లగుడ్డ, గుడ్డ మీద కత్తి. బయటికి కనిపించేది కత్తి కాదు, దాని ఒరా పిడీ. రెండూ చెక్కవే, ఒకదానికొకటి ఎంత బాగా కూర్చున్నాయంటే మూసి పెడితే కొంచెం వంపు తిరిగిన ఒకటే కర్రలా ఉంటుంది. ఇప్పుడా కర్ర మెరుస్తోంది, ఎర్రగా, నున్నగా, దాని వెంట పిడి నుంచి కొస దాకా బంగారు రంగు పూలతీగ. ఇందాక జపాను పెద్దాయన ఒగురా దాన్ని గుడ్డలోంచి తీసి రెండు చేతులతో నుదుటిదాకా ఎత్తి మొక్కినప్పుడు, గుమ్మం దగ్గర నిలబడ్డ బాలన్న గుండె పొంగిపోయింది కూడా. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు, ఎంత బాగా చేశారో అంటాడు అని చెవులు నిక్కించుకుని నిలబడ్డాడు. పెద్దాయన పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. పట్టు మార్చుకుని మళ్ళీ లాగాడు, మెడ మీది నరం ఉబ్బింది. రాలేదు. వార్నిష్ ఒరకూ పిడికీ మధ్య వెంట్రుకవాసి సందులోకి దిగి గట్టిపడిపోయింది. మూసినదాన్ని మూసినట్టే ఉంచి పూత మీద పూత వేసింది బాలన్నే. కత్తిని బయటికి తియ్యకు అని అబూ ముసాయిద్ చెప్పిన ఒక్క మాట మాత్రం అయ్యగారు నిక్కచ్చిగా పాటించాడు మరి. పెద్దాయన మూడోసారి లాగలేదు. దాన్ని మెల్లగా గుడ్డ మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దానివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు బాలన్నకు తెలుసు, ఒంట్లో బాగాలేని పిల్లవాణ్ణి చూసే చూపు.

కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. పోవడానికి లేదు. గహ్వా పోసేవాడు పోసేవాడే గాని పోయేవాడు కాదు అని మస్తాన్ వలీ నవ్వేవాడు. అతిథి తాగేసిన కప్పును అటూ ఇటూ ఆడించి చాలు అనేదాకా పోస్తూనే ఉండాలి, అక్కడే నిలబడాలి. పెద్దాయన కప్పు నేల మీద ఉంది, ఆడించలేదు. అసలు దానివైపే చూడటం లేదు. అందుకని బాలన్న కూడా కత్తివైపు చూస్తూ నిలబడ్డాడు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. ఆ పని తప్పని తెలిసిన తర్వాత కూడా, సిగ్గు లేని కళ్ళు, తీగ ఎంత చక్కగా వచ్చిందో చూసుకుంటున్నాయి.

మొదటిసారి ఆ కర్రను చూసినప్పుడు ఏమనిపించింది? పని సగంలో వదిలేశారనిపించింది. అబూ ముసాయిద్ ఈ సముద్రం ఒడ్డు విడిదింట్లో బాలన్నను కాపలాకు పెట్టిన కొత్తలో, అతిథులు కూర్చునే మజ్లిస్‌లో గోడకున్న ముత్యాల పిడి జంబియా బాకులూ వెండి తొడుగుల అరబ్బు కత్తులూ తుడుస్తూ తుడుస్తూ, గూట్లో పడుకోబెట్టిన దీని దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఒక చెక్కడం లేదు, ఒక ఇత్తడి కట్టు లేదు, పిడికీ ఒరకీ మధ్య అడ్డుబిళ్ళ లేదు, రంగు చుక్క లేదు. చెక్క చూస్తే ఎంత మంచి చెక్క, పాలమీగడ రంగు, రవ్వంత పొర కూడా లేని నునుపు, చేతికి వెచ్చగా తగులుతుంది. అంత చెక్కనూ అంత చిత్రిక పట్టినవాడు రంగు కొనలేకపోయాడా? ప్రతి శుక్రవారం దుమ్ము తుడిచేటప్పుడు వేళ్ళు దురద పెట్టేవి. ఆ దురద బాలన్నది ఒక్కడిదే కాదు. నిర్మల్‌లో వాళ్ళ గల్లీ అంతా అదే దురద. పొనికి కర్ర చెక్కి, చింతగింజల బంకలో రంపంపొట్టు కలిపి కాలూ చెయ్యీ అతికి, సుద్ద పూసి ఎండబెట్టి, అప్పుడు రంగు. రంగు పడేదాకా అది బొమ్మ కాదు, కట్టె. బేరగాళ్ళు ఇంట్లోకి వస్తే నాన్న ముందుగా చేసే పని, రంగు పడని బొమ్మలన్నిటినీ గోడవైపు తిప్పడం. "బరివాత ఉన్నయి, ఆళ్ళకు సిగ్గుండదా? బట్ట గట్టని బిడ్డను బజాట్లకు తోలుతమా?" అనేవాడు, నవ్వకుండా. కొయ్య ఏనుగుకు సిగ్గేమిటని చిన్నప్పుడు బాలన్నకు నవ్వొచ్చేది. పెద్దయ్యాక రాలేదు. ప్లాస్టిక్ బొమ్మలొచ్చి గల్లీ గల్లీ మూతపడి, వడ్రంగి వీసా మీద ఇక్కడికొచ్చి, కంచెలకు మేకులు కొట్టి, మొక్కలకు నీళ్ళు పట్టి, గహ్వా పోసి, ఇన్ని పనులు చేశాక కూడా రంగు లేని చెక్క కనబడితే దాన్ని గోడవైపు తిప్పెయ్యాలనిపించేది.

జపాను పెద్దాయన వస్తున్నాడని తెలిసింది. ఆ కత్తి ఇచ్చింది ఆయనే. గల్ఫ్ యుద్ధంలో ఖఫ్జీ మీద గుండ్లు పడ్డ రోజు అబూ ముసాయిద్ తన ఇంటివాళ్ళతో పాటు ఆయన్ని కూడా బండిలో ఎక్కించుకుని దమ్మామ్ దాకా తీసుకెళ్ళాడట. చమురు బావుల్లో పనిచేసే కుర్రవాళ్ళు అప్పుడిద్దరూ. ఉద్యోగం ముగించి దేశం వెళ్ళిపోయేటప్పుడు, మా తాతల నాటిది, నాకు పిల్లల్లేరు, నువ్వే ఉంచుకో అని ఇచ్చాడట. ఇన్నాళ్ళకు, ఓపిక ఉండగానే ఒకసారి చూసిపోదామని వస్తున్నాడు. అబూ ముసాయిద్ కంటి ఆపరేషన్‌కు రియాద్ వెళ్తూ చెప్పింది ఇంతే: పొడిగుడ్డతో తుడువు, కత్తి బయటికి తియ్యకు. బాలన్న విన్నది ఇంకొకటి. ఇంటికి పెద్ద అతిథి వస్తున్నాడు, ఆయనిచ్చిన బిడ్డ ఇక్కడ బరివాత పడుంది అని.

మస్తాన్ వలీ చెప్పాడు. చెప్పకపోతే ఎంత బాగుండేది. దమ్మామ్ నుంచి వార్నిష్ డబ్బాలు, బంగారు రంగు, రెండు ట్యూబులు కలిపి రాసే గట్టి జిగురు తెచ్చిందీ వాడే, డిక్కీ తెరిచి అవి చేతికిస్తూ అడిగిందీ వాడే, ఏమిటికివన్నీ అని. చెబితే ఆ నవ్వే మొహం కాస్త గంభీరమైంది. "ముట్టుకోవాకు బాలన్నా. బాబా తుడవమన్న్యాడు, రంగెయ్యమన్లే. మంది వస్తువు. వాళ్ళెందుకు అట్ల పెట్టుకున్న్యారో మనకేం తెల్సు?" డ్రైవరుకు చెక్కపని గురించి ఏం తెలుసులే అనుకున్నాడు బాలన్న. అనుకున్నదాన్ని పైకి కూడా అన్నాడు. "నువ్వు నీ బండి సూస్కో భాయ్, గిది నా పని." మర్నాడే రాయచోటి నుంచి ఫోనొచ్చింది, వాళ్ళమ్మ బావి దగ్గర జారిపడిందని. వాడు పోయి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కొట్టించుకుని పరుగెత్తాడు. అడిగేవాడు లేకపోయాడు. సాండ్‌పేపర్ తీసి రుద్దాడు బాలన్న. ఒర పొడుగునా రెండు బద్దలు కలిసేచోట సన్నగా నోరు తెరుచుకున్నట్టు కనిపిస్తే, అయ్యో పగిలింది అనుకుని గట్టి జిగురు కూరి, తాడు బిగించి కట్టి ఎండబెట్టాడు. ఎన్నేళ్ళయిందో అలా పాటలు పాడుకుంటూ పనిచేసి.

"మస్తానా?" అని అబూ ముసాయిద్ మళ్ళీ అన్నాడు, ఇప్పుడు బాలన్నతో కాదు, తనలో తను. "వాడి సంగతి నాకు తెలుసు. కారు చూడు, దాని మీద ఈగ వాలితే జారిపడుతుంది. మెరవనిది వాడికి నచ్చదు." అబద్ధానికి కాళ్ళు లేకపోతే కాళ్ళు పెట్టేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. బాలన్నకు దొంగకు తేలు కుట్టినట్టయింది. కుట్టిందని అరవడానికి లేదు, ఊరుకోవడానికీ లేదు. "నెల రోజులు వీసా పొడిగించమని మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నాడు" అన్నాడు అబూ ముసాయిద్, సిగ్గుతో ఎర్రబడ్డ మొహం అతిథి వైపు తిప్పి. "పొడిగించను. అక్కడే ఉండనీ. నా ఇంట్లో నువ్వు నమ్మి ఇచ్చిన అమానత్‌ను పాడుచేసినవాడు నా ఇంటికి తిరిగి రానక్కర్లేదు."

ఇప్పుడు చెప్పాలి. ఇదీ సమయం. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? వీసా గడువు ఈ వారంతో అయిపోతుంది. పొడిగించకపోతే వాడికి మళ్ళీ రావడానికి దారి లేదు. ముప్పై ఏళ్ళ డ్రైవరు కాదు, యాభై దాటినవాడు, కొత్తగా వీసా ఇచ్చి పెట్టుకునే కఫీల్ ఎవడు దొరుకుతాడు? బాలన్నకు అమ్మవారు పోసినప్పుడు, ఒళ్ళంతా నీటి పొక్కులతో గదిలో పడి ఉంటే మిగతావాళ్ళు పరుపులు చుట్టుకుని పక్కగదికి పోయారు. మస్తాన్ వలీ మున్సిపాలిటీ వాళ్ళు రోడ్డు పక్కన పెంచిన వేపచెట్ల దగ్గర బండి ఆపి, పోలీసులు చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ రెమ్మలు విరుచుకొచ్చాడు. "మీ అమ్మవారికి యాపాకు కావల్ల గదప్పా" అంటూ పక్కంతా పరిచాడు. మజ్జిగన్నం కలిపి పెట్టాడు. ఐదు పూటలా నమాజు చేసేవాడు, తలంటు రోజున మాత్రం, ఏం మొక్కాల్నో నువ్వే మొక్కుకో, నేను బయట నిలబడతా అని తలుపు వేసి నిలబడ్డాడు. ఆ మనిషిని! నోరు తెరిచాడు బాలన్న, నిజంగానే తెరిచాడు. తెరిస్తే వచ్చింది, "గహ్వా పొయ్యనా బాబా?"

అబూ ముసాయిద్ చేత్తోనే వద్దన్నాడు. అప్పుడు మాట్లాడాడు జపాను పెద్దాయన. ఆయనకు అరబ్బీ వచ్చు, ఖఫ్జీ బావుల దగ్గర నేర్చుకున్న పాతకాలపు అరబ్బీ, మెల్లగా వెతుక్కుంటూ మాట్లాడతాడు గనక బాలన్నకు ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాకపోతే ఎంత బాగుండేది. "తప్పు నాది అబూ ముసాయిద్" అన్నాడాయన. "ఇచ్చాను గాని ఇది ఏమిటో చెప్పలేదు. కత్తి నలుగురిలోకి వెళ్ళేటప్పుడు దానికి వేరే బట్టలుంటాయి. లక్క పూత, బంగారం, పట్టు తాడు, అడ్డుబిళ్ళ, అన్నీ. ఇంటికొచ్చాక అవన్నీ విప్పేసి దీంట్లో పడుకోబెడతాం. ఇది దాని నిద్రబట్ట. నిద్రపోయేవాళ్ళకు నగలెందుకు? చెక్కకు రంగు పూయం, చెక్క గాలి పీల్చుకోవాలి, లేకపోతే లోపల చెమ్మ నిలిచి ఉక్కు తుప్పు పడుతుంది." ఒర అంచును గోటితో తడిమాడు, గట్టి జిగురు ఉబ్బెత్తుగా ఎండినచోట. "ఈ రెండు బద్దలనూ అన్నం మెతుకులు నూరిన జిగురుతో అతుకుతారు. కావాలనే. ఎప్పుడో ఒకప్పుడు లోపల మురికి చేరుతుంది కదా, అప్పుడు విడదీసి తుడిచి మళ్ళీ అతకాలి. విడిపోవడం కోసమే అతికిన అతుకు ఇది."

అన్నం మెతుకులు. బాలన్నకు చెవుల దాకా వేడి పాకింది. గాలిపటాలకు అన్నం మెతుకు రాసి అతికిన చెయ్యి తనది, చింతగింజల బంక తప్ప ఇంకో జిగురు ఇంట్లోకి రానివ్వని మనిషి కొడుకు తను. బొమ్మ కాలు విరిగి వెనక్కి వస్తే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బంక నానగానే కాలు ఊడదీసి కొత్తకాలు పెట్టేవాడు నాన్న, బొమ్మ ఒంటి మీద గీత పడకుండా. ఆ సందు చూసినప్పుడు అదేదీ గుర్తు రాలేదే! పగులు అనుకున్నాడు. బుద్ధి ఎక్కడికి పోయింది? మంది వస్తువు, వాళ్ళెందుకు అట్ల పెట్టుకున్నారో మనకేం తెలుసు అని డ్రైవరుకు తట్టినది వడ్రంగికి తట్టలేదు. బరివాత ఉందని బట్ట కట్టాడట, నిద్రపోయేవాడికి పెళ్ళిబట్టలు తొడిగి, గుండీలన్నీ కుట్టేసి, ముక్కు కూడా మూసి! నవ్వొస్తే నవ్వొచ్చు, ఇంకెవరైనా చేసి ఉంటే బాలన్నే నలుగురికీ చెప్పుకుని నవ్వేవాడు.

"మరి ఇప్పుడు?" అని అడిగాడు అబూ ముసాయిద్. "ఏముంది" అన్నాడు పెద్దాయన, మొదటిసారి కాస్త నవ్వి. "ఒర కోసి తీసెయ్యాలి. కత్తికి ఏమీ అయి ఉండదు, ఇంకా ఎన్నాళ్ళయిందని. నిద్రబట్ట కొత్తది కుట్టించుకోవచ్చు. ఇదివరకు ఎన్ని మారాయో! చెక్క కోసం మనిషి మీద కోపం తెచ్చుకోకు." ఇంతేనా? ఇంతేనా! బాలన్నకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఇంత తేలిగ్గా పోయే తప్పు. నేనే బాబా అని ఉంటే ఈపాటికి ఇద్దరు ముసలివాళ్ళూ నవ్వుకుని, నాలుగు చివాట్లు పెట్టి, పోరా పో అని ఉండేవాళ్ళు. రంగు వేసింది తెలియక. పేరు చెప్పింది తెలిసి. మొదటిదానికి మాఫీ దొరికింది, రెండోది ఉన్నదని కూడా ఎవరికీ తెలియదు. దానికి మాఫీ ఎవరిని అడగాలి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుక్కోవడానికి నీళ్ళు ముందు పెట్టినా కాలు చాపలేకపోతున్నాడే.

పెద్దాయన మళ్ళీ కర్రను చేతిలోకి తీసుకున్నాడు, ఈసారి కత్తిలా కాదు, బొమ్మలా, వెలుగు వైపు తిప్పి. "చెయ్యి మాత్రం మంచి చెయ్యి" అన్నాడు. "అతనితో మాట్లాడొచ్చా? కోప్పడ్డానికి కాదు. నా మూలంగా వాడి ఉద్యోగం పోయిందంటే నేను ఇంటికెళ్ళి నిద్రపోలేను." అతిథి మాట కాదనలేక అబూ ముసాయిద్ ఫోను తీశాడు. ఇమో వీడియో కాల్‌లో గంట మోగింది. మోగుతోంది. ఎత్తకు భాయ్, ఎత్తకు, నిద్రపో, నమాజుకు పో, ఫోను పారేసుకో అని మొక్కాడు బాలన్న, తనకు తెలిసిన దేవుళ్ళకూ తెలియని దేవుళ్ళకూ. ఎత్తాడు. ఆసుపత్రి ఆకుపచ్చ గోడ, ఇనుప మంచం అంచు, దాని ముందు నిద్రలేక గుంటలు పడ్డ మస్తాన్ వలీ మొహం. కఫీల్‌ను చూసి హడావిడిగా తలపాగా సర్దుకున్నాడు. "అస్సలాము అలైకుమ్ బాబా!"

సలాములూ తల్లి ఆరోగ్యమూ అయ్యాక అబూ ముసాయిద్ ఫోను తిప్పాడు. ముందు కత్తి చూపించాడు, కొస నుంచి పిడి దాకా. ఆ తిప్పడంలో గోడా, కిటికీ, గహ్వా కూజా పట్టుకుని నిలబడ్డ మనిషీ కూడా ఒక్క క్షణం వాడికి కనిపించి ఉంటాయి. "ఇది నువ్వు చేశావా?" అన్నాడు. ఫోనులో ఎక్కడో ట్రాలీ చక్రాలు కిర్రుమన్నాయి. చెప్పు భాయ్, నేను కాదు అని చెప్పు, ఆ దొంగ నాకొడుకు బాలన్న అని చెప్పు, నువ్వైనా చెప్పెయ్యి, నా ప్రాణానికి సుఖంగా ఉంటుంది. "నేనే బాబా" అన్నాడు మస్తాన్ వలీ. "తప్పయిపోయింది. బాగుంటుందని చేశాను. మాఫ్ చెయ్యండి." ఎంత సులువుగా అన్నాడు! బాలన్న గంట నుంచి మొయ్యలేక మోస్తున్న మాటను వాడు రోడ్డు మీద దొరికిన మూట ఎత్తినట్టు ఎత్తి భుజాన వేసుకున్నాడు.

మొహం మాడ్చుకునే ఉన్నాడు గాని అబూ ముసాయిద్ లోపల కరిగిపోయాడు. "నా అతిథి నీ తరఫున మాట్లాడాడు కాబట్టి బతికిపోయావు" అని, రెండో ఫోనులో ఏదో నొక్కి, కళ్ళజోడు పైకెత్తి చూసి, మళ్ళీ నొక్కి, "అయింది. నెల పొడిగించాను. తల్లి నడిచేదాకా ఉండి రా" అన్నాడు. మస్తాన్ వలీ కళ్ళు తుడుచుకున్నాడు. బాలన్నకూ ఊపిరి ఆడింది. పోయిందనుకున్నది పోలేదు, ఎవరికీ ఏ నష్టమూ లేదు, అన్నీ సర్దుకున్నాయి. అన్నీ సర్దుకున్నచోట మిగిలిన చెత్తలా తను ఒక్కడే నిలబడి ఉన్నాడు. "బాలన్నతో ఒక్క మాట, బాబా" అంటున్నాడు వాడు. ఫోను చేతికొచ్చింది. కూజా కింద పెట్టాడు.

మస్తాన్ వలీ నవ్వుతున్నాడు, పళ్ళన్నీ కనిపించేలా. ఆ నవ్వుతోనే తెలుగులో అన్నాడు, "నవ్వు బాలన్నా. వాళ్ళు సూస్తాండారు. నీ మొగం సూస్తే ఎవురికైనా తెలిసిపోతాది. నవ్వుకుంటా ఇను."

"భాయ్, నన్ను..."

"నవ్వు అంటి గదా."

బాలన్న నవ్వాడు. బతుకులో అంత కష్టపడి ఏ పనీ చెయ్యలేదు.

"ముట్టుకోవాకు అంటే ఇన్లే నువ్వు. సరే, అయిపోయింది. పిల్లోల్లు గలోనివి, అయిదేండ్లు సర్వీసుంటే గాని ఇంటి అప్పు తీరదంటివి, బయపడి సెప్పినావు, నాకు తెల్సు. నాకిప్పుడు నష్టమేం లే. ఇంగ నువ్వు నోరు ఇప్పొద్దు. ఇప్పుడు గాని నిజం సెప్తివంటే నేను అబద్ధమాడినోన్ని అయితా, బాబా కాడ నా మాట పోతాది. ఇంటాండావా?"

"ఇంటున్న భాయ్."

"నవ్వు మళ్ళ."

జపాను పెద్దాయన మోకాళ్ళ మీద కొంచెం ముందుకు జరిగాడు, కర్ర చేతిలోనే ఉంది. "అతన్ని ఒకటి అడిగి చెప్పు" అన్నాడు బాలన్నతో. "ఈ పువ్వు ఏమిటి? ప్రతి పువ్వుకూ ఐదు రెక్కలు, అందులో ఒక రెక్క వంగి ఉంది. ఒకటి వంగితే చెయ్యి జారిందనుకోవచ్చు, అన్నీ ఒకేలా వంగాయి. ఎవరు నేర్పారు?" బాలన్న తెలుగులో అడిగాడు. మస్తాన్ వలీ నవ్వు చెదరనివ్వకుండా, "నాకేం తెల్సురా నీ పువ్వు? ఏందో ఒకటి సెప్పు నువ్వే" అన్నాడు. చెప్పాలి. ఏదో ఒకటి. పుస్తకంలో చూశాడట అంటే సరిపోయేది, ఊరికే వేశాడట అన్నా సరిపోయేది. "వాళ్ళ నాన్న నేర్పాడట" అన్నాడు బాలన్న. అంతటితో ఆగినా సరిపోయేది. కానీ పెద్దాయన ఇంకా ఎదురుచూస్తున్నాడు, వంగిన రెక్క మీద వేలు పెట్టుకుని. "వాళ్ళ నాన్నకు చూపుడువేలు కొస రంపం కింద పోయింది. అప్పటి నుంచి కుంచె పట్టుకుంటే ఐదో రెక్క దగ్గర చెయ్యి తిరిగేది కాదు, వంగిపోయేది. నేర్చుకున్నవాళ్ళు అదే పద్ధతి అనుకుని అలాగే నేర్చుకున్నారు. వేళ్ళన్నీ ఉన్నవాళ్ళు కూడా వంచే వేస్తారు." చెబుతుంటే కుంచె పట్టిన ఆ మొండివేలు కళ్ళ ముందుకొచ్చింది, దాని చివర గోరు లేని చోట ఎప్పుడూ అంటుకుని ఉండే పసుపురంగు, అన్నం తినేటప్పుడు కూడా పోని పసుపురంగు. ఆ వేలిని తీసి, తన నోటితోనే, రాయచోటిలో ఎడ్లకు లాడాలు కొట్టుకుని బతికిన మస్తాన్ వలీ తండ్రి చేతికి అతికిస్తున్నాడు తను, ఊడిరాని జిగురు పెట్టి.

పెద్దాయన కర్రను తెల్లగుడ్డ మీద పెట్టాడు. మోకాళ్ళ మీద నిటారుగా కూర్చుని, బాలన్న చేతిలో ఉన్న ఫోను వైపు తిరిగి, అరచేతులు నేలకానించి, నెరిసిన తల తివాచీకి తగిలేలా వంగాడు. "ఆ తండ్రికి" అన్నాడు. అవతల మస్తాన్ వలీ ఏం చెయ్యాలో తెలియక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, తన తండ్రి తరఫున సలాం అందుకుంటున్నాడు. నిర్మల్‌లో ఆ మనిషి బతికినన్నాళ్ళూ ఆయన ముందు ఎవరూ తల వంచలేదు. కొనేవాళ్ళు నిలబడే బేరమాడారు.

"మా నాయనది" అన్నాడు బాలన్న. తెలుగులో అన్నాడు, మస్తాన్ వలీకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. వాడు కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నాడు. "ఆ వేలు మా నాయనది" అని మళ్ళీ అన్నాడు బాలన్న, ఈసారి అరబ్బీలో, గట్టిగా. "మా నాన్నది బాబా. మస్తాన్ నాన్నది కాదు. ఆ పువ్వు మాది. వేసింది నేను. రంగు వేసింది, జిగురు పెట్టింది, అంతా నేనే." హమ్మయ్య అనిపించాలి కదా, నిజం చెప్పినవాడికి. అనిపించలేదు. వేపాకు తెచ్చినవాడి బతుకు పోతుందన్నప్పుడు తెరుచుకోని నోరు, నాన్నకు రావలసిన మొక్కు ఇంకొకరికి పోతుందనగానే తెరుచుకుంది. అది తనకు తెలుసు, ఫోనులో ఉన్నవాడికీ తెలుసు. అబద్ధం చెప్పి ఒకసారి, నిజం చెప్పి ఒకసారి, ఒక్క గంటలో వాణ్ణి రెండుసార్లు అమ్ముకున్నాడు.

జపాను పెద్దాయన వంగినవాడు మెల్లగా లేచాడు, ఎవరివైపు చూడాలో తెలియనట్టు కర్రవైపు చూశాడు. అబూ ముసాయిద్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు, కళ్ళజోడు సరిచేసుకుని, తెరను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "మస్తాన్" అన్నాడు. "నాతో నువ్వెందుకు అబద్ధమాడావు?"

మస్తాన్ వలీ నవ్వు ఆపేశాడు.